సాయంత్రం ఆరింటికి ఆగిపోయే కంప్యూటర్: ఒక రిపేరు కేసు

ఇళ్లలో వాడే కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "ఆన్ అవ్వట్లేదండీ." ఈ కేసులో ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు లోపాలు దాక్కున్నాయి. వాటిలో అసలుది కంప్యూటర్ పెట్టెలోనే లేదు. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. ఊరు, మనుషుల వివరాలు మార్చాను. పరీక్షలు, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

కోస్తాలో ఓ చిన్న పట్టణం. కంప్యూటర్ యజమాని రిటైరైన తెలుగు మాస్టారు. 2015లో అసెంబుల్ చేయించిన మెషిన్ అది: నాలుగో తరం కోర్ ఐ3, హెచ్81 మదర్‌బోర్డు, డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలకు అందించే సప్లై డబ్బా), విండోస్ 10. టేబుల్ కింద 600 వీఏ యూపీఎస్. మాస్టారు దాని మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో వ్యాసాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు కంపోజ్ చేస్తుంటారు. ఇంటర్ చదివే మనవరాలు వీడియో పాఠాలు చూస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేదు, గేములు లేవు. మొత్తం కలిపినా వంద వాట్లు కూడా తాగని మెషిన్.

కొన్ని నెలలుగా పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోందట. దగ్గర్లోని షాపుకి తీసుకెళ్తే అక్కడ ర్యామ్ మార్చారు. షాపులో రోజంతా నడిచింది, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికి తెచ్చాక మళ్లీ అదే కథ. రెండోసారి తీసుకెళ్తే "విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారట. పదేళ్లుగా రాసిన ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉండటంతో మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన మొండితనమే ఈ కేసులో ఫైళ్లను కాపాడింది. ఇంతలో డిసెంబరు చలి మొదలైంది, మెషిన్ పూర్తిగా మొండికేసింది.

ఫోన్‌లో నేను అడిగింది

"ఆన్ అవ్వట్లేదు అంటే సరిగ్గా ఏం జరుగుతోంది మాస్టారూ? ఫ్యాన్ తిరుగుతోందా? తెర మీద ఏమైనా వస్తోందా?"

"బటన్ నొక్కితే ఫ్యాన్ ఇలా కదిలి అలా ఆగిపోతోంది బాబూ. ఓ పది సార్లు నొక్కితే ఒకసారి వస్తుంది. వచ్చినా ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. మధ్యాహ్నం పూట కాస్త నయం, పొద్దున్నే అయితే అస్సలు రాదు."

ఈ ఒక్క జవాబులో చాలా సమాచారం ఉంది. కరెంటే అందకపోతే ఫ్యాన్ కదలదు, చాలినంత అందకపోతే కదిలి ఆగిపోతుంది. ఫ్యాన్ నిలకడగా తిరుగుతూ తెర నల్లగా ఉంటే ర్యామ్, డిస్‌ప్లే, బోర్డు వైపు చూడాలి. కంపెనీ లోగో వచ్చి విండోస్ దగ్గర ఆగితే డిస్కు వైపు చూడాలి. మాస్టారు చెప్పినదాంట్లో మొదటి రకమూ ఉంది, మూడో రకమూ ఉంది. అర సెకను తిరిగి ఆగడం కరెంటు సరఫరా గొడవ. చుక్కలు తిరుగుతూ ఉండిపోవడం డిస్కు గొడవ. ర్యామ్‌ని అనుమానించడానికి నాకు ఏ ఆధారమూ కనబడలేదు.

పొద్దున్న రాకపోవడం, మధ్యాహ్నం రావడం అన్నది ఇంకా పెద్ద ఆధారం. చలికి బాధపడే భాగం కంప్యూటర్లో సాధారణంగా ఒకటే, కరెంటుని కాసేపు నిలవ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. అది పాతబడే కొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది. చలికాలం పొద్దున్నే పాత స్కూటర్‌ని పదిసార్లు కిక్ కొట్టినట్టు, ఒకటికి పదిసార్లు నొక్కితే కాస్త వేడెక్కి పట్టుకుంటుంది.

నేను వచ్చేదాకా బటన్ నొక్కవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. నొక్కిన ప్రతిసారీ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగుతుంది. డిస్కుకి అంతకన్నా చెడ్డ అలవాటు లేదు.

మొదటి లోపం: ఎస్‌ఎంపీఎస్

వెళ్లగానే చేసిన పని హార్డ్ డిస్క్ కేబుళ్లు రెండూ పీకేయడం. కరెంటు సంగతి తేలేదాకా డిస్కు ఈ పరీక్షల్లో ఉండకూడదు.

తర్వాత ఖర్చు లేని అనుమానం ముందు తీర్చుకున్నాను. క్యాబినెట్ ముందు బటన్ లోపల ఇరుక్కుపోతే, నొక్కి పట్టుకున్నట్టే లెక్క. నాలుగు సెకన్లకు బోర్డు తనంతట తాను ఆగిపోతుంది. ఇక్కడ అర సెకనులోనే ఆగుతోంది కాబట్టి ఇది కాదనే అనుకున్నా, బటన్ వైర్లు తీసి బోర్డు మీద ఆ రెండు పిన్నులనీ స్క్రూడ్రైవర్‌తో తాకించి చూశాను. తేడా లేదు. యూఎస్‌బీలు, డీవీడీ డ్రైవ్ అన్నీ పీకి, ఒక్క ర్యామ్ ఉంచి చూసినా తేడా లేదు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. దీన్ని పరీక్షించడానికి అందరూ చేసేది క్లిప్ పరీక్ష: 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ ఏదో ఒక నల్ల వైరునీ కలిపితే బోర్డు లేకుండానే సప్లై ఆన్ అవుతుంది. కలిపాను. ఫ్యాన్ హాయిగా తిరిగింది. పసుపు వైరు మీద 12.1 ఓల్టులు, ఎరుపు మీద 5.1. ఇక్కడే చాలామంది "ఎస్‌ఎంపీఎస్ ఓకే, బోర్డు పోయింది" అని తేల్చేస్తారు. ఈ పరీక్షలో సప్లై మీద బరువే లేదు. ఫ్యాన్ తిప్పగలిగినంత మాత్రాన ప్రాసెసర్‌ని లేపగలదని కాదు.

అందుకే కనెక్టర్ మళ్లీ బోర్డుకి పెట్టి, ఊదా రంగు వైరు మీద మీటరు పెట్టాను. కంప్యూటర్ ఆపి ఉన్నా, ప్లగ్ పెట్టి ఉంటే చాలు, ఈ వైరు మీద 5 ఓల్టులు ఉండాలి. బటన్ నొక్కారన్న సంగతి బోర్డు గ్రహించేది ఈ కరెంటుతోనే. ఈ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం అటూ ఇటూ 5 శాతం తేడా ఉండొచ్చు, అంటే 4.75 కన్నా తగ్గకూడదు. మీటరు 4.4 చూపించింది. బటన్ నొక్కిన క్షణంలో పసుపు వైరు మీద కూడా వోల్టేజీ జారడం కనిపించింది గానీ, మామూలు మీటరుకి ఆ వేగం చాలదు. ఊదా వైరు అయితే పరిగెత్తదు, నిలకడగా తన జబ్బు తానే చెబుతుంది. అందుకే నేను తీర్పు దాని మీదే ఇస్తాను.

మాటల మధ్యలో మాస్టారు, క్యాబినెట్ ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటుందని చెప్పారు. అది విని పక్కన రాసి పెట్టుకున్నాను. దాని అర్థం తర్వాత చెబుతాను.

కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టగానే మొదటి నొక్కుకే బోర్డు లేచింది. పాతది తర్వాత షాపులో విప్పి చూస్తే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. వాటిని మార్చి పాతదాన్నే నడిపించవచ్చు, భాగాల ఖర్చు పదుల రూపాయల్లోనే. కానీ స్టిక్కర్ మీద 450 వాట్లు అని రాసి, చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా ఉండే సప్లైకి ఆ శ్రమ దండగ. ఇంట్లో ఎవరూ వీటిని విప్పకూడదు కూడా. 230 ఓల్టుల ఏసీ లోపల డీసీగా మారాక 320 దాటుతుంది, ప్లగ్ తీసిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో కాసేపు అలాగే ఉంటుంది.

రెండో లోపం: డిస్కు

కరెంటు తేలింది కదా అని హార్డ్ డిస్క్ తగిలించి విండోస్ లేపి చూడాలన్న ఆత్రం సహజం. అలా చేస్తే ఆటోమేటిక్ రిపేర్ మొదలై డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. డిస్కు ఆరోగ్యం తెలియకుండా దాని మీద ఏదీ రాయకూడదని నా నియమం. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేపి, డిస్కులోని ఫైళ్ల జోలికి పోకుండా, స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) మాత్రం చదివాను.

చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు, అంటే డిస్కు మీది చిన్న చిన్న గళ్లు, 56. పాడై, వేరేచోటికి మార్చినవి 24. ఈ రెండూ సున్నా కాకపోతే ఆ డిస్కు మీద చెక్‌డిస్క్ అనే విండోస్ రిపేరు ప్రోగ్రామ్ నడపడం ప్రమాదం. అది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఫైళ్ల అమరికని, సరిచేయడమే చూసుకుంటుంది. ఫైళ్లను కాపాడటం దాని పని కాదు.

ఇంకో అంకె నన్ను ఎక్కువసేపు ఆపింది. 192వ నంబరు లెక్క, అంటే కరెంటు హఠాత్తుగా పోయినందువల్ల డిస్కు తన హెడ్‌ని (చదివే, రాసే ముల్లుని) అత్యవసరంగా వెనక్కి లాక్కున్న సందర్భాలు, 1,300 దాటింది. మొత్తం ఆన్ అయిన సార్లు సుమారు 6,100. అంటే దాదాపు ప్రతి ఐదింటిలో ఒకటి సరైన షట్‌డౌన్ కాదు. కొన్ని డిస్కులు మామూలుగా ఆపినప్పుడు కూడా ఈ లెక్క పెంచుతాయి. కాబట్టి దీన్ని ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోలేదు, అనుమానంగా ఉంచుకున్నాను.

డిస్కు మొత్తాన్నీ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇంకో డిస్కు మీదికి కాపీ తీశాను. ముందు తేలిగ్గా వచ్చేవన్నీ లాగేసి, మొరాయించే చోట్లను చివరికి వదిలి, తర్వాత వాటి దగ్గరికి వెళ్లడం దాని పద్ధతి. చావుకి దగ్గరైన డిస్కు విషయంలో ఈ వరుస ముఖ్యం. మామూలు కాపీ అయితే మొదటి పాడు చోటే పట్టుకుని గంటలు వేలాడుతుంది, ఆ వేలాటలోనే డిస్కు పూర్తిగా పోవచ్చు. కొన్ని కిలోబైట్లు తప్ప మిగతాదంతా వచ్చింది. మాస్టారి ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. అను ఫాంట్లు లేని నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంలా కనబడతాయి. అది చూసి మాస్టారికి టెన్షన్ వచ్చింది. ఫాంట్లు వేస్తే తెలుగు తిరిగొస్తుందని చెప్పి, వేసి చూపించాల్సి వచ్చింది.

ఇక్కడ పనిచేయనివి

పాత విండోస్‌నే బతికిద్దామని మాస్టారి కోరిక. పేజ్‌మేకర్, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ అందులోనే ఉన్నాయి. కాపీ తీసిన డిస్కు మీద ప్రయత్నించాను, అసలుది అల్మారాలో ఉంది కాబట్టి భయం లేదు. చెక్‌డిస్క్ కాపీ మీద నడిచింది. స్టార్టప్ రిపేర్ ఏమీ చేయలేకపోయింది. కారణం వెతికితే, విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో సిస్టమ్ అనే ఫైలే పాడైంది.

దీనికి పాతకాలం మందు ఒకటి ఉంది. విండోస్ తనంతట తాను రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో రిజిస్ట్రీ నకలు దాచుకునేది, దాన్ని తెచ్చి పెడితే సరిపోయేది. ఇప్పటికీ ఈ సలహా చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఆ నకలు తీయడం మానేసింది. ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు ఉంటాయి, లోపల సున్నా కేబీ. ఇక్కడా అంతే. విండోస్‌ని పాత స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్ పాయింట్లు ఉన్నాయా అంటే, అది ఎప్పుడూ ఆన్ చేసి లేదు. అక్కడితో పాత విండోస్ మీద ఆశ వదులుకుని, కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) మీద తాజాగా వేశాను.

అంటే మొదటి షాపువాళ్లు చెప్పిన ఫార్మాటే చివరికి జరిగిందా? జరిగింది, కానీ వేరే డిస్కు మీద, ఫైళ్లు బయటికి తీశాక. వాళ్లు చెప్పినట్టు పాత డిస్కు మీదే కొట్టి ఉంటే డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ పోయేవి, కొన్నాళ్లకు కొత్త విండోస్ కూడా పాడయ్యేది.

మూడో లోపం: పెట్టె బయట

ఎస్‌ఎంపీఎస్ కొత్తది, డిస్కు కొత్తది, విండోస్ కొత్తది. మెషిన్ తిరిగిచ్చేయొచ్చు. కానీ ఈ రెండు లోపాలూ కలిసి కూడా "నెలలుగా ఉన్నట్టుండి ఆగిపోవడం" అన్న మొదటి ఫిర్యాదుని పూర్తిగా వివరించవు. సప్లై పాతబడితే ఆగిపోవచ్చు, నిజమే. అయితే షాపులో రోజంతా ఎందుకు ఆగలేదు? డిస్కులో ఆ 1,300 ఎక్కడివి?

పాత డిస్కు కాపీలోంచి విండోస్ ఈవెంట్ లాగ్ ఫైలు (జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా) ఒకటి తీసి నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను. కెర్నెల్-పవర్ 41 అనే ఎంట్రీలు వరుసగా ఉన్నాయి, వాటిలో బగ్‌చెక్ కోడ్, అంటే విండోస్ కూలిన కారణం చెప్పే అంకె, సున్నా. ర్యామ్ వల్లో డ్రైవర్ వల్లో విండోస్ కూలిపోతే మామూలుగా నీలి తెర వస్తుంది, ఆ కోడ్ ఇక్కడ నమోదవుతుంది. సున్నా ఉందంటే విండోస్‌కి చావు కబురు రాసే టైమ్ కూడా దొరకలేదు, కరెంటే పోయిందన్నమాట. మెషిన్ బిగుసుకుపోయినప్పుడు బటన్ నొక్కిపట్టి ఆపితే కూడా సున్నాయే వస్తుంది. అందుకే మాస్టారిని అడిగాను, అలా ఎప్పుడూ ఆపలేదన్నారు.

41వ ఎంట్రీ రాసేది మళ్లీ ఆన్ అయ్యాక. ఎప్పుడు ఆగిందో తెలియాలంటే దాని పక్కనే వచ్చే 6008 చూడాలి. "ఫలానా సమయంలో జరిగిన షట్‌డౌన్ అనుకోనిది" అని అందులో ఉంటుంది. ఆ సమయాలు ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. మాస్టారి దృష్టిలో అది ఎప్పుడు పడితే అప్పుడు ఆగే కంప్యూటర్. కాగితం మీద మాత్రం దాదాపు అన్నీ పొద్దున్న ఆరు, ఆరున్నర మధ్య, సాయంత్రం ఐదుమ్ముప్పావు, ఆరున్నర మధ్య పడ్డాయి.

"ఆ టైములో ఇంట్లో ఏం జరుగుతుందండీ?" అని అడిగితే జవాబు వంటింట్లోంచి మాస్టారి భార్య చెప్పారు: "ట్యాంకు నింపడానికి మోటారు వేస్తాం నాయనా, ఇంకేముంది!"

మరి యూపీఎస్ ఉంది కదా? ఆకుపచ్చ లైటు వెలుగుతూనే ఉంది. కొత్త ఎస్‌ఎస్‌డీని పణంగా పెట్టి పరీక్షించడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ తీసేసి, యూపీఎస్‌కి అరవై వాట్ల బల్బు తగిలించి, గోడ ప్లగ్ పీకాను. బల్బు వెంటనే ఆరిపోయింది. లోపలి 12 ఓల్టుల 7 ఏహెచ్ బ్యాటరీకి బరువు తగిలించి కొలిస్తే పది ఓల్టుల కిందికి జారిపోయింది. ఇలాంటి సీల్డ్ బ్యాటరీలు రెండు మూడేళ్లు పనిచేస్తాయి. ఇది ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. ఈ మధ్య కరెంటు కోతలు తగ్గాయి కాబట్టి యూపీఎస్‌కి పరీక్ష పెట్టే సందర్భమూ తగ్గింది, అది చచ్చిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు.

తర్వాత గది సాకెట్‌లో మీటరు పెట్టి మోటారు వేయించాను. 212 ఓల్టులు ఉన్నది ఒక్కసారిగా 150కి పడి మళ్లీ లేచింది. మీటరు పట్టుకోగలిగింది అంత, అసలు పడింది ఇంకా కిందికే అయి ఉంటుంది. అదే క్షణంలో యూపీఎస్ లోపల టక్ మని చప్పుడు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడగానే యూపీఎస్ తన పద్ధతి ప్రకారం బ్యాటరీ మీదికి మారుతుంది, బ్యాటరీలో ఏమీ లేదు, కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ లేకుండా నేరుగా గోడకి పెట్టి ఉంటే ఆ కొద్ది క్షణాల పతనాన్ని చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ తనే తట్టుకునేది. బ్యాటరీ పోయిన యూపీఎస్ పెట్టుకోవడం కన్నా లేకపోవడం మేలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. షాపులో మోటారు లేదు, ఈ యూపీఎస్ కూడా లేదు. పెట్టెని మాత్రమే తీసుకెళ్లారు కదా.

ఒక్క మోటారుకి అంత పడటం మాత్రం మామూలు విషయం కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే, మోటారూ ఈ గదీ ఒకే సన్నటి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద ఉన్నాయని తేలింది. స్విచ్‌బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై నల్లగా మాడి ఉంది. క్యాబినెట్ జిల్లుమనడం కూడా ఇప్పుడు అర్థమైంది: సాకెట్‌లో ఎర్త్ పిన్ను ఉంది, దాని వెనక వైరు లేదు. ఎర్త్ లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లో ఉండే చిన్న కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద గోడ కరెంటులో సగం దాకా వోల్టేజీ తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది.

మోటారుకి మెయిన్ బోర్డు నుంచి వేరే 4 చదరపు మిల్లీమీటర్ల లైను లాగారు, న్యూట్రల్ బిగించారు, ఎర్త్ వైరుని ఇంటి బయటి ఎర్త్ గుంత దాకా కలిపారు. గుంతలో ఉప్పు, బొగ్గు మార్చి నీళ్లు పోశారు. యూపీఎస్‌కి వెయ్యి రూపాయల చుట్టుపక్కల పెట్టి కొత్త బ్యాటరీ వేశాం. మళ్లీ మోటారు వేసి చూస్తే 200 దగ్గర ఆగింది, యూపీఎస్ చప్పుడు చేయలేదు.

మూడింటికీ ఉన్న సంబంధం గురించి: పదే పదే కరెంటు పోవడం వల్లే రిజిస్ట్రీ ఫైలు పాడైందని నా నమ్మకం, డిస్కు త్వరగా అరగడానికీ అది కారణమే. ఎస్‌ఎంపీఎస్ విషయంలో అంత గట్టిగా అనను. పదేళ్ల చవక సప్లైకి పోవడానికి వయసొక్కటే చాలు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

"షాపులో బాగానే నడిచింది" అని ఎవరైనా అంటే అది బాగైనట్టు లెక్క వేయడం లేదు, ఇంట్లో ఏదో ఉందనడానికి ఆధారంగా తీసుకుంటున్నాను. పెట్టెతో పాటు యూపీఎస్ కూడా తీసుకురమ్మంటున్నాను, లేదా నేనే ఇంటికి వెళ్తున్నాను. భాగాలు మార్చే ముందు 6008 సమయాలు రాసుకోవడం పది నిమిషాల పని. విండోస్ లేవకపోయినా ఆ లాగ్ డిస్కులోంచి చదవవచ్చు. కొత్త బ్యాటరీ వేసిన ప్రతి యూపీఎస్ మీదా తేదీ రాసిన స్టిక్కర్ అంటిస్తున్నాను. బల్బు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

ఖర్చు పెట్టేముందు మాస్టారితో ఇంకో మాట కూడా చెప్పాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఆ తర్వాత కూడా డబ్బు కట్టో నమోదు చేసుకునో తెచ్చుకునే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కొంతకాలం దాకానే. ఈ నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11కి అర్హత ఉన్న జాబితాలో లేదు. ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ రేపు కొత్త మెషిన్‌లోకి కూడా పనికొస్తాయి కాబట్టి ఆ ఖర్చు నాకు సబబు అనిపించింది. ఈ పాత మెషిన్‌కి కొత్త బోర్డు కొనడానికి డబ్బు పెట్టమని మాత్రం నేను చెప్పను. బ్యాంకు పనులు ఇందులో చేయకుండా, కంపోజింగ్‌కి వాడుకుంటానని ఆయన అన్నారు.

సంక్రాంతి తర్వాత ఆ వైపు వెళ్లినప్పుడు లాగ్ తెరిచి చూశాను. 6008 ఒక్కటే ఉంది, మధ్యాహ్నం పన్నెండింటికి. ఊడుస్తూ పనమ్మాయి ప్లగ్ పీకిందట.